నీళ్ళు పోసే మనిషి

మా పక్కవాటాలో ఉండే అమ్మాయి దూరవిద్యలో ఎం.ఏ. చదువుతోంది. పుస్తకాలు పోస్టులో వస్తాయి. కొన్ని పాఠాలు మాత్రం ఇంటర్నెట్లో చూడాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం గోడ అవతల నుంచి పిలిచింది.

"అంకుల్, మీరు అరకులో పనిచేశారు కదా. ఈ పాఠంలో అరకు వచ్చింది. చూస్తారా?"

కంప్యూటరు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసింది. పాఠం ముస్లిం మైనారిటీల జీవితాలు, అనుభవాల గురించి. హైదరాబాదు గల్లీలు అయిపోయాయి, కర్నూలు అయిపోయింది. తర్వాత కొండలు, వాటి కింద సంత. నేలమీద పరిచిన గోనెపట్టా, దానిమీద గాజుల వరసలు, వాటి వెనక నాకు బాగా తెలిసిన ముసలావిడ, ఆమె. ఒక పిల్ల చెయ్యి పట్టుకుని గాజు ఎక్కిస్తోంది. కెమెరావైపు చూడలేదు. వెనకనుంచి ఒక గొంతు ఆమె పేదరికం గురించి, కొండల్లో అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్న ముస్లిం కుటుంబాల గురించి చెబుతోంది. ఆఖర్న ఒక్క క్షణంపాటు, దుప్పటి కప్పి పడుకోబెట్టిన మనిషి పాదాలు కనబడ్డాయి. పగిలిన మడమలు, వేళ్ళకి ఇత్తడి చుట్లు.

"ఎవరు చనిపోయారంకుల్?"

"ఎవరూ చనిపోలేదు. ఆ పడుకున్నావిడ సంతలో అల్లం అమ్ముతుంది. పేరు బుద్రి. నవ్వు ఆపుకుంటోంది అక్కడ."

అమ్మాయి మరోసారి వెనక్కి తిప్పి చూసింది. పాదాలు పాదాల్లాగే ఉన్నాయి. పాఠం కింద ప్రశ్న వచ్చింది. ఈ మహిళ ఎదుర్కొంటున్న ప్రధాన సమస్య ఏది? నిరక్షరాస్యత, పేదరికం, రవాణా సౌకర్యం లేకపోవడం, పైవన్నీ.

"పైవన్నీ పెట్టెయ్యనా?"

"పెట్టెయ్" అన్నాను.

ఆకుపచ్చ టిక్కు పడింది. అమ్మాయికి మార్కు వచ్చింది. నేను మా ఇంటికి వచ్చి కాసేపు వసారాలో కూర్చున్నాను. ఆమె సమస్య ఆ నాలుగింటిలో లేదు.

ఆమె పేరు రాయను. వద్దని ఆమే అంది. నేను అరకులో విలేకరిగా ఉన్న రోజుల్లో సంత మీద ఒక వార్త రాస్తూ పేరు అడిగాను. గాజులు సర్దుకుంటూ, తల ఎత్తకుండా చెప్పింది.

"పేరెయ్యకు బాబూ. ఎక్కడో ఏదో పేల్తాది. పేపర్లో పేరున్నోల ఇంటికి ముందొత్తారు."

అది ఊరికే అన్న మాట కాదు. ఏ పెద్ద ఊళ్ళో ఏం జరిగినా, స్టేషన్ నుంచి ఒక కానిస్టేబులు ఆమె ఇంటికి వచ్చేవాడు. వాళ్ళాయన పేరు అడిగేవాడు, ఎక్కడినుంచి వచ్చారు, ఎంతకాలమైంది అని అడిగేవాడు. సంవత్సరాల తరబడి అదే కానిస్టేబులు, అవే ప్రశ్నలు. ఆ కానిస్టేబులు పెళ్ళాం చేతికి సరిపోయే గాజుల కొలత ఆమెకు తెలుసు. టీ ఇచ్చేది. వెళ్ళేటప్పుడు అతను "ఏటనుకోకు మామ్మా, పైనుంచి అడుగుతారు" అనేవాడు. "నానేటనుకుంటాను, నీకూ ఉద్యోగమే కదా" అనేది. అతను వెళ్ళాక గ్లాసు కడిగి బోర్లించేది. దీని గురించి ఆమె కోపంగా మాట్లాడడం నేను వినలేదు. బాధగా కూడా వినలేదు. బస్సు ఆలస్యంగా వచ్చిందని చెప్పినట్టు చెప్పేది.

సంతలో అందరూ ఆమెని గాజుల మామ్మ అనేవారు. కొండమీది ఆడపిల్లలు, వాళ్ళ తల్లులు, తర్వాత ఆ ఆడపిల్లల ఆడపిల్లలు కూడా. అరకు సంత శుక్రవారం. డుంబ్రిగుడ సంతకీ వెళ్ళేది, కానీ ఆమె అసలు చోటు అరకు సంతలో రైలుగేటు వైపు చివర. ఒక పక్క బుద్రి అల్లం కుప్ప. వెనకాల ఆమె భర్త గొడుగులు, తాళాలు, టార్చిలైట్లు బాగుచేసేవాడు. మాట తక్కువ మనిషి. మధ్యాహ్నం అయ్యేసరికి పాత గొడుగుగుడ్డ ఒకటి పరుచుకుని, అక్కడే, సంత గోలలోనే నమాజు చేసుకునేవాడు.

"సంత సుక్కురోరం పెట్టినోడెవడో గానీ, మావోడి మసీదు తినీసినాడు" అనేది ఆమె. మసీదు ఘాటు కింద ఉంది. సంత వదిలి వెళ్తే వారం గడవదు.

గాజులు ఎక్కించేటప్పుడు ఆమె మొహాలు చూసేది కాదు. చెయ్యి ముందుకు చాపితే చాలు, "నువ్వు ఫలానా ఊరి గుంటవి కాదేటే, మీ యమ్మ సెయ్యి కూడా ఇలగే, బొటనేలు కాడ ఎముక" అనేది. డబ్బామూతలో సబ్బునురగ. దాన్ని వేళ్ళకి రాసి, బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మిగతా వేళ్ళని దగ్గరకు నొక్కి, గాజుని కణుపుల దగ్గర కాస్త ఏటవాలుగా పట్టుకునేది. అప్పుడు అనేది ఆ మాట, చెయ్యి బిగించకుండా వదులు చెయ్యమని.

"సెయ్యి ఒగ్గెయ్. సచ్చినోల సెయ్యిలాగ ఒగ్గెయ్."

పిల్లలు భయపడి చెయ్యి ఇంకా బిగించేవాళ్ళు. పెళ్ళి కుదిరిన ఒక పిల్ల ఒకసారి అంది, "మామ్మా, పెల్లి గాజులేసుకోడానికొత్తే సావు మాటలేటి?"

"పెల్లికైనా అంతే అమ్మీ. బిగబట్టుకున్నావంటే పగుల్తాది. నీ సెయ్యో, నా గాజో."

అంటూనే గాజు ఎక్కిపోయేది. మాట పూర్తయ్యేసరికి గాజు మణికట్టు దగ్గర ఉండేది. ఆ మాటకి పిల్ల మనసు ఒక్క క్షణం మరోవైపు వెళ్ళడంలోనే కిటుకు ఉందని నాకు చాలాకాలం తర్వాత అనిపించింది. ఆ సంతలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ఇప్పటికీ ఎవరైనా నా చెయ్యి పట్టుకుని రక్తం తీస్తుంటే అదే గుర్తొస్తుంది.

బుద్రి కొండదొర తెగ మనిషి. ఆమెకంటే చాలా చిన్నది. ఇద్దరికీ రోజంతా మాటల యుద్ధమే. రంజాను నెలలో మామ్మ పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా సాయంత్రం దాకా గాజులు అమ్మేది. బుద్రి పక్కన కూర్చుని సొరబుర్రలో జీలుగుకల్లు తాగేది.

"ఒలే బుద్రీ, అటు తిరిగి తాగవే. ఆ వాసనకే నా రోజా పోద్ది."

"వాసన కడుపులోకి ఎల్దు మామ్మా. ఎల్తే నాను దమ్మిడీ కరుసు లేకుండా తాగుబోతునైపోదును."

"నువ్విప్పుడు కాదేటి?"

ఇద్దరూ నవ్వుకోరు. ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు. సాయంత్రం పొద్దు గుంకే వేళకి ఖర్జూరం పొట్లం ముందు విప్పేది బుద్రి. ఒకటి తన నోట్లో వేసుకుని, "ఇంక తినొచ్చు, నాను సూసినాను" అనేది, ఏదో విషం పరీక్ష చేసినట్టు.

ఒక శుక్రవారం గోనెపట్టా లేదు. ఆ చోట్లో ఎవరూ కూర్చోలేదు. బుద్రి తన అల్లం కుప్పని కాస్త ఇటు జరిపి ఆ చోటు కాపలా కాస్తోంది.

"మామ్మేదీ?"

"నీల్లు పొయ్యడానికి ఎల్నాది."

రైల్వే క్వార్టర్సులో ఒక గాంగ్‌మాన్ తల్లి పోయింది. ముస్లిం ఇంట్లో ఆడమనిషి పోతే ఆడవాళ్ళే స్నానం చేయించాలి. దానికో క్రమం ఉంది. కుడిపక్క ముందు, ఎడమపక్క తర్వాత, రేగాకు వేసి కాచిన నీళ్ళు, ఆఖర్న కర్పూరం నీళ్ళు, వంటిమీద ఎప్పుడూ ఒక గుడ్డ కప్పి ఉండాలి, గట్టిగా రుద్దకూడదు. పట్నాల్లో అయితే తెలిసిన ఆడవాళ్ళు వీధికి ఇద్దరు ఉంటారు. కొండమీద ఉన్న కుటుంబాలే వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళలో ఆ పని తెలిసింది ఈమె ఒక్కతే. అత్తగారి దగ్గర నేర్చుకుందట. పాడేరు నుంచి పిలుపు వస్తే పాడేరు వెళ్ళేది, అనంతగిరి నుంచి వస్తే అనంతగిరి. దానికి ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు, భోజనం కూడా.

నీళ్ళు పోసి వచ్చిన వారం ఆమె గాజులకి సబ్బు వాడేది కాదు. కొబ్బరినూనె సీసా తెచ్చుకునేది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. బుద్రి మాత్రం నూనెసీసా కనబడగానే "ఎవులు పోనారు?" అని అడిగేది.

ఆమె నన్ను ఆ ప్రశ్న మొదటిసారి ఎప్పుడు అడిగిందో గుర్తులేదు. చాలాసార్లు అడిగింది. కిరండూల్ పాసింజరు వచ్చిందా అని అడిగిన గొంతుతోనే.

"అందరికీ నాను పోత్తాను. నాకెవులు పోత్తారు బాబూ?"

"కిందనుంచి మీవాళ్ళు వస్తారు కదమ్మా."

"వానలప్పుడు పోతే?"

వానల్లో ఘాటురోడ్డు మీద బండలు పడతాయి. పట్టాలమీద మట్టి పడుతుంది. అవి తీసేదాకా కిందివాళ్ళు కిందే, పైవాళ్ళు పైనే. శవాన్ని అంతసేపు ఉంచరు. సమాధులకి మాత్రం ఇబ్బంది లేదు. రైలుగేటు అవతల కాస్త జాగా ఊరివాళ్ళు మాటమీద వదిలారు, ఆ మాట ఎప్పుడూ తప్పలేదు. మిగిలింది స్నానం ఒక్కటే. ఆమెకి పిల్లలు లేరు. భర్త ఉన్నాడు గానీ, వాళ్ళ పద్ధతిలో చనిపోయిన భార్యకి భర్త నీళ్ళు పోయకూడదు. గాంగ్‌మాన్ కుటుంబానికి బదిలీ అయింది. ఇంకో ఇంట్లో మెకానిక్ పెళ్ళాం ఉంది, చిన్నపిల్ల. నేర్పుదామని ఒకసారి వెంట తీసుకెళ్తే గుమ్మం దాకా వచ్చి, లోపల శవాన్ని చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పారిపోయింది.

"సచ్చిపోడం నాకు బయం లేదు" అంది ఆమె ఒకసారి. "నీల్లు లేకుండా ఎల్లిపోడం ఇష్టం లేదు. సంతకి మురికి సెయ్యితో ఒచ్చిన గుంటకి నాను గాజెయ్యను కదా, ఆ పైనున్నోడు మాత్రం ఎందుకు ముట్టుకుంటాడు?"

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయ్యాక నేను విశాఖపట్నం డెస్కుకి మారిపోయాను. అయినా కాఫీ పంట వార్తలకో, పర్యాటకుల వార్తలకో కొండెక్కుతూనే ఉన్నాను. ఆ రోజుల్లో ఒక అమ్మాయి కెమెరా భుజాన వేసుకుని ఆఫీసుకు వచ్చింది. ముస్లిం మైనారిటీల జీవితాలమీద ఇంటర్నెట్లో పాఠాలు తయారుచేస్తున్నామని, ఎక్కడెక్కడి విద్యార్థులో చూస్తారని, కొండప్రాంతం నుంచి ఒక్క మనిషైనా కావాలని చెప్పింది. నెమ్మదైన పిల్ల. నేనే శుక్రవారం తీసుకెళ్ళాను.

సంతలో కావలసినంత తీసుకుంది. తర్వాత మామ్మ ఇంటికి వెళ్ళాం. రేకుల ఇల్లు, ముందు చిన్న వసారా. అల్లం అమ్ముడైపోయిన బుద్రి కూడా వెంట వచ్చింది, ఎవరూ పిలవకపోయినా. అమ్మాయి ప్రశ్నలు అడిగింది. ఎప్పుడైనా వివక్ష ఎదురైందా అంటే మామ్మ కానిస్టేబులు సంగతి చెప్పింది, అతని పెళ్ళాం గాజుల కొలతతో సహా. ఇల్లు అద్దెకివ్వలేదా ఎవరైనా అంటే, "ఇవ్వలేదు, తర్వాత ఇచ్చినారు" అంది. ఆఖరికి ఆ అమ్మాయి, "ఈ పాఠం చూసేవాళ్ళకి మీరేమైనా చెప్తారా అమ్మా?" అని అడిగింది.

మామ్మ కెమెరావైపు వేలు చూపించింది.

"ఇది ఎవులు సూత్తారు పాపా?"

"ఎవరైనా చూడొచ్చమ్మా. ఏ ఊళ్ళో ఉన్నవాళ్ళైనా."

"కొండలమీద ఒక్కొక్క ఇల్లే ఉన్నోలు, మావోలు, ఆడోలు, సూత్తారా?"

"ఇంటర్నెట్ ఉంటే చూస్తారు."

"అయితే నీల్లు పొయ్యడం సూపిత్తాను" అంది మామ్మ. "అది సూత్తే నేర్సుకుంటారు. మిగతాయి ఎవులికి కావాలి?"

అమ్మాయి నావైపు చూసింది. నీళ్ళు పొయ్యడమంటే ఏమిటో నేను చెప్పాను. ఆ పిల్ల మొహం కాస్త పాలిపోయింది, కానీ కాదనలేదు. ఇంక శవం కావాలి. అమ్మాయి దిండు పెట్టి చూపించమంది.

"దిండుకి సేతులేవీ? ఒలే బుద్రీ, ఇలగొచ్చి తొంగో."

"నానేటి, సచ్చినట్టా?"

"కల్లు తాగి రోజూ తొంగుంటావు కదా, అలగే."

మగవాళ్ళని బయటికి పొమ్మంది. నేనూ వాళ్ళాయనా వసారాలో కూర్చున్నాం. గుమ్మానికి చీర అడ్డం కట్టారు. ఆయన గొడుగుపుల్ల వంచుతున్నాడు. నేను వింటున్నాను. లోపల ముందు మామ్మ గొంతు ఒక్కటే వినపడింది, అలవాటైన పని చెప్పే గొంతు. ఇలా కప్పాలి, ఈ గుడ్డ తియ్యకూడదు. కళ్ళు మూసెయ్యాలి. వంటిమీది నగలన్నీ తీసెయ్యాలి, గాజులు కూడా, పగలగొట్టకూడదు, ఇదిగో ఇలా తీసెయ్యాలి. ముందు చేతులు, నోరు, ముక్కు, మొహం. ఇప్పుడు కుడిపక్క. నీళ్ళు మెల్లిగా, తల నుంచి.

చెంబు చప్పుడు. వెంటనే బుద్రి కేక. దుప్పటి, మనిషి, నేలమీద దొర్లిన చప్పుడు.

"సచ్చినోలు అరవరే."

"సచ్చినోలకి సన్నీల్లు పోత్తారేటే? పుష్యమాసంలో? పేనం పోనాది నాకు."

"పోతే మంచిదే కదా, సరిగ్గా కుదుర్తాది. మర్సిపోనాన్లే, నీల్లు కాసుకోవాల. నీకు పోసినప్పుడు ఎచ్చటివి పోత్తాను."

"నాకు నువ్వెందుకు పొయ్యాల, నాకు మావోలున్నారు. నీకే నాను పోత్తాను. ఎచ్చటివి పోత్తాను, నువ్వు నాకు పోసినట్టు కాదు."

"తొంగో ముందు. కాలు కదపకు. సక్కిలిగిలేటి సచ్చినదానికి?"

కెమెరా అమ్మాయి కూడా నవ్వుతోంది. నా పక్కన ముసలాయన గొడుగు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూసుకున్నాడు. ఆయన మొహంలో ఏమీ లేదు. లోపల మొదట్నుంచీ చివరిదాకా అంతా చేసింది మామ్మ. కుడి, ఎడమ, వీపు, జుట్టు పాయలు, తుడవడం, గుడ్డ చుట్టడం. బుద్రి వణుకుతూ బయటికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. మామ్మ టీ పెట్టింది. ఆమె అంత ఉత్సాహంగా ఉండడం అదొక్కసారే చూశాను.

"ఇంక నాను లేకపోయినా పర్లేదు" అంది. "ఇందులో ఉన్నాది."

తర్వాత శుక్రవారాల్లో ఆమె జిరాక్స్ షాపుకి వెళ్ళి వాకబు చేసేది. ఊళ్ళో ఇంటర్నెట్ ఉన్నది ఆ షాపులోనే, నేను వార్తలు పంపేదీ అక్కడే. షాపతను ఓపిక ఉన్న మనిషి. "రాలేదు మామ్మా", "ఈ వేళ లైను లేదు మామ్మా", "కరెంటు పోయింది మామ్మా" అని ప్రతిసారీ చెప్పేవాడు. ఎండలు వచ్చేశాక ఒక శుక్రవారం "వచ్చింది" అన్నాడు. మామ్మ గోనెపట్టా మడిచేసి, సంత మధ్యలో, మెకానిక్ పెళ్ళాన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆ పిల్ల నేర్చుకోవాలని. బుద్రి తనని తాను చూసుకోవాలని వచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

పాఠం ఆగి ఆగి వచ్చింది. కాస్త బొమ్మ, తర్వాత చక్రం తిరగడం, మళ్ళీ కాస్త బొమ్మ. గాజులు. సంత. గొంతు. కొండలు. బుద్రి పాదాలు.

"ఒలే, నీ కాల్లు" అంది మామ్మ.

"ఎంత నల్లగున్నాయే" అంది బుద్రి.

అంతే, అయిపోయింది. ప్రశ్న వచ్చింది.

"నీల్లేవీ?" అంది మామ్మ.

షాపతను మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. అందరం మళ్ళీ చూశాం. గాజులు, సంత, కొండలు, పాదాలు. మెకానిక్ పెళ్ళాం గోడకున్న క్యాలెండరు చూస్తోంది.

ఆ రాత్రికే కెమెరా అమ్మాయికి ఫోన్ చేశాను. తను పంపిందట, పైవాళ్ళు వద్దన్నారట. విద్యార్థులకి చావు గురించి ఎందుకన్నారట, నిడివి కూడా ఎక్కువైందట. "పాదాలైనా ఉండనిమ్మని అడిగాను సర్" అంది. నిజంగానే బాధపడింది. తర్వాతి సంతలో నేను ఇదంతా మామ్మకి చెప్పాను. ఆమె ఒక గుంట చెయ్యి పట్టుకుని ఉంది.

"సరేలే బాబూ. ఆల్లకీ ఉద్యోగమే కదా" అంది. తర్వాత ఆ గుంటతో, "సెయ్యి ఒగ్గెయ్" అంది.

తనకెవరు పోస్తారన్న ఆ ప్రశ్న నన్ను మళ్ళీ అడగలేదు.

ఆ తర్వాత నేను కొండెక్కడం తగ్గింది. ఒక ఏడాది వానలు వెళ్ళాక కాఫీ వార్తకి వెళ్తే, రైలుగేటు వైపు చివర గోనెపట్టా లేదు. బుద్రి అల్లం కుప్ప ఆ చోటుదాకా పరుచుకుని ఉంది. ఎప్పటిలా ఇటు జరిపి లేదు. నేను అది చూసి నిలబడ్డాను. నూనెసీసా కనబడితే బుద్రి అడిగే ప్రశ్న నా నోటికి వచ్చింది గానీ అడగలేదు.

"పోనాది బాబూ" అంది బుద్రి. "వానల్లో."

కూర్చోమని పీటలాంటి బండ చూపించింది. అల్లం మట్టి దులుపుతూనే చెప్పింది. మధ్యలో ఇద్దరు ముగ్గురు బేరానికి వస్తే బేరం చేసి, మళ్ళీ చెప్పింది.

వాన వారంరోజులుగా పడుతోంది. రోడ్డూ రైలూ రెండూ ఆగిపోయాయి. పొద్దున్నే మామ్మ పొయ్యి రాజేస్తూ పక్కకి ఒరిగిపోయింది. మెకానిక్ పెళ్ళాం కాన్పుకి కిందికి వెళ్ళిపోయి ఉంది. ముసలాయన మసీదుకి ఫోన్ చేశాడు. కిందనుంచి ఆడవాళ్ళు బయల్దేరి, ఘాటు మొదట్లో బండల దగ్గర ఆగిపోయి, వెనక్కి వెళ్ళిపోయారు. మళ్ళీ ఫోన్ చేస్తే అక్కడి పెద్దాయన చెప్పాడట, మీ ఆడవాళ్ళెవరూ లేనప్పుడు వేరేవాళ్ళ ఆడమనిషికి పద్ధతి చెప్పి చేయించొచ్చు, మగవాళ్ళు మాత్రం వద్దు అని. ముసలాయన గొడుగు వేసుకుని బుద్రి ఊరికి నడిచి వెళ్ళాడు.

"గుమ్మంలో నిలబడి ఏటీ అడగలేదు తాత. నాకు తెలిసిపోనాది. బేగి పదా అన్నాను."

గుమ్మానికి చీర కట్టారు. బయటినుంచి తాత చెప్తాననీ, తను లోపల చెయ్యాలనీ అనుకున్నారు.

"నువ్వు సెప్పక్కర్లేదు తాతా, నాకు తెలుసు అన్నాను. ముందు కుడిపక్క. నాకు కుడిపక్కే కదా సల్లగా తగిలింది ముందు. అక్కడినుంచి అన్నీ వొచ్చీసినాయి. మామ్మ సెయ్యి నామీద ఎక్కడ పడింతర్వాత ఎక్కడ పడినాదో, అలగే సేసుకుంటా ఎల్లిపోనాను. నీల్లు ఎచ్చబెట్టినాను. రేగాకేసి. మాటన్నాను కదా."

మీ ఊళ్ళో ఏమీ అనలేదా అని అడిగాను.

"అన్నారు. ఏరే కులపోల సవానికి నీల్లు పోసినావు, మైలన్నారు. మావోలు పోతే ఎలగుంటామో అలగే ఉండమన్నారు. పసువుల సాలలో తొంగున్నాను, ఎవుల్నీ ముట్టుకోలేదు. మైల పోయే దాకా. సరే, మంచిదే కదా. ఆవిడికీ ఎవులో ఒకరు పట్టాల కదా మైల."

ఒక ఆవిడ వచ్చి అల్లం వాసన చూసి, ఎండిపోయిందంది. నీ ముక్కు ఎండిపోనాదంది బుద్రి. ఆవిడ వెళ్ళిపోయింది.

"ఒక్కటే కుదర్లేదు" అంది బుద్రి. "గాజులు. నాకు సేసిననాడు ఉత్తుత్తినే తీసినట్టు సూపించినాది, తియ్యలేదు. మామ్మ సెయ్యి అప్పటికే బిగుసుకుపోనాది. సబ్బు రాసినాను. బొటనేలు లోపలికి మడుద్దునంటే మడవదు. 'సెయ్యి ఒగ్గెయ్ మామ్మా, సచ్చినోల సెయ్యిలాగ ఒగ్గెయ్' అన్నాను. నోటికి అదే వొచ్చీసినాది, మరేటి సెయ్యను. సచ్చినోల సెయ్యి ఒగ్గదు బాబూ. రాయిలాగుంటాది. అందరికీ పోసినాది కదా మామ్మ, ఆవిడికి తెలీదేటి? ఇన్నేల్లూ గుంటలకి అబద్దం సెప్పినాది."

మట్టి దులిపిన అల్లం కొమ్ము పక్కన పెట్టి, ఇంకోటి తీసుకుంది.

"ఎలా తీశావు మరి?"

"మెల్లిగా. ఆవిడ పట్టినట్టే పట్టినాను, ఏటవాలుగా. సానా సేపు పట్టినాది. తాత బయట దగ్గుతానే ఉన్నాడు. ఒక్కటీ పగల్లేదు."

ఆ గాజులు ఏమయ్యాయని అడిగాను.

"తాత మిగిలిన అమ్మకం గాజుల్లో కలిపీసినాడు. కిందటి సంతలోనే అన్నీ అమ్ముడైపోనాయి" అంది, నాకు కాస్త అల్లం కాగితంలో చుట్టిస్తూ.